మాటల లెక్కల్లో తెలుగు ఎట్లా ఉంది?

తెలుగు పీరియడ్‌లో పద్యాన్ని విమర్శిస్తాం, కథని విమర్శిస్తాం. ఈ మాట బాగా కుదిరింది, ఈ వర్ణన ఎక్కువైంది అని రాస్తాం. లెక్కల పుస్తకాన్ని మాత్రం ఎవరూ అట్లా చదవరు. నిజానికి పదో తరగతి పిల్లలం చాలా జాగ్రత్తగా, మాట మాట పట్టుకుని చదివే తెలుగు వచనం లెక్కల పుస్తకంలోనే ఉంది. మాటల లెక్కలు అంటామే, అవి. ఒక్క మాట అటు ఇటు అయితే 5 మార్కులు పోతాయి. అంత బరువు మోసే వచనం చదివేవాళ్ళకి దారి చూపిస్తోందా, అడ్డం పడుతోందా అని చూడడమే ఈ వ్యాసం పని.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ఏళాయిరంపన్నైలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పిల్లలకి లెక్కల్లో మార్కులు తగ్గితే ఇంట్లో ఒక మాట వస్తుంది: "తెలుగులో చదివితే లెక్క ఎట్ల వస్తుంది? వేరే మీడియంలో చేర్చేస్తాం." మా వీధిలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అది నిజమైతే ఒప్పుకోవాల్సిందే. నిజం కాకపోతే ఎందుకు కాదో తెలుగు మీడియం పిల్లలమే చెప్పాలి. నేను అనుకునేది ఏమిటంటే, తప్పు తెలుగు భాషది కాదు, ఆ లెక్కల్లో వాక్యం కట్టిన తీరుది.

మాటల లెక్కలో రెండు పనులు ఉంటాయి. మొదటిది మాటల్ని సమీకరణంగా మార్చడం. రెండోది ఆ సమీకరణాన్ని సాధించడం. బోర్డు మీద 3x + 5 = 26 అని రాస్తే తరగతిలో సగానికి పైగా చేతులు లేస్తాయి. అదే లెక్కని "ఒక సంఖ్యకు మూడు రెట్లకు 5 కలిపితే 26 వస్తుంది" అని రాస్తే చేతులు తగ్గుతాయి. ఇంకొంచెం పొడుగు చేసి రాస్తే రెండు మూడు చేతులే మిగులుతాయి. సాధించడం అందరికీ వచ్చు. మార్చడం దగ్గరే ఆగిపోతున్నాం. అంటే ఆగేది లెక్క దగ్గర కాదు, చదవడం దగ్గర.

అయితే తెలుగు వాక్యాన్ని లెక్క కోసం ఎట్లా చదవాలి? దీనికి లెక్కల సారు చెప్పింది సగం, తెలుగు టీచరు చెప్పింది సగం. విభక్తి ప్రత్యయాలు నేర్చుకున్నాం గదా: ని, తో, కి, నుండి, కంటే, లో. వ్యాకరణం మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ ప్రత్యయాలే లెక్కల్లో పెద్ద పని చేస్తాయి. క్రియ ఏ గుర్తు వెయ్యాలో చెప్తుంది. ప్రత్యయం ఏ సంఖ్య ఏ చోట కూర్చోవాలో చెప్తుంది.

"20ని 4తో భాగిస్తే" అంటే 5. "4తో 20ని భాగిస్తే" అన్నా 5 మాత్రమే. ముందు ఏ సంఖ్య వచ్చిందన్నది తెలుగులో ముఖ్యం కాదు. కానీ ప్రత్యయాలు తారుమారు చేసి "20తో 4ని భాగిస్తే" అంటే జవాబు ఐదో వంతు అయిపోతుంది. అట్లాగే "ఒక సంఖ్య నుండి 8 తీసేస్తే" అన్నది x – 8. "8 నుండి ఒక సంఖ్యని తీసేస్తే" అన్నది 8 – x. సంఖ్యలు వచ్చిన వరుసలోనే రాసుకుంటూ పోయేవాళ్ళు కొన్నిసార్లు గట్టెక్కుతారు, కొన్నిసార్లు మునుగుతారు. ప్రత్యయం చూసి రాసేవాళ్ళు ఎప్పుడూ గట్టెక్కుతారు.

ఇంకో సంగతి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. "ఒక సంఖ్యలో 3" అనే దాకా చదివితే ఏమీ తెలియదు. "కలిపితే" అంటే x + 3. "పోతే" అంటే x – 3. "ఒక సంఖ్యలో మూడో వంతు" అంటే x / 3. కాబట్టి వాక్యం చివరిదాకా చదవకుండా పెన్ను కదపకూడదు. తమిళంలో కూడా ఇంతే. అక్కడ ప్రత్యయాలు ఐ, ఆల్, ఇల్ ఇరుందు. క్రియ చివరే. రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తున్నాయి కాబట్టి మనలాంటి ఇల్లు ఉన్నవాళ్ళకి ఇది కష్టం కాదు, లాభం. ఇంగ్లీషులో "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అంటారు. 5 ముందు పలుకుతారు, రాసేటప్పుడు x – 5 అని తిప్పి రాయాలి. "xకన్నా 5 తక్కువ" అన్న తెలుగులో ఆ తిప్పుడు లేదు.

సమానం గుర్తు ఎక్కడ ఉంటుందో కూడా చూడాలి. "తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు." ఈ వాక్యంలో క్రియ లేదు. సమానం అన్న మాట కూడా లేదు. "తండ్రి వయసు" అన్న తరువాత కొంచెం ఆగుతామే, ఆ ఆగే చోటే సమానం గుర్తు. చదివేటప్పుడు గొంతు ఆగుతుంది, కంటికి మాత్రం ఏమీ కనిపించదు. ఇట్లాంటి లెక్కల్ని పైకి చదవాలని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు విమర్శకి వస్తాను. మన చేతికి వచ్చే చాలా లెక్కల్లో ఒకే అచ్చులో పోసిన వాక్యం కనిపిస్తుంది. ఆ అచ్చులోనే నేను ఒకటి తయారు చేశాను: "ఏ సంఖ్య యొక్క మూడు రెట్లు ఆ సంఖ్య కంటే 14 అధికమగునో ఆ సంఖ్యను కనుగొనుము." వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ఇట్లా ఎవరూ మాట్లాడరు. ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని దాని ఎముకల మీద తెలుగు తోలు కప్పినట్టు ఉంది. "యొక్క" అక్కర్లేదు. "అగునో" దాకా ఊపిరి బిగబట్టుకోవాలి. "ఆ సంఖ్య" రెండుసార్లు వచ్చి రెండు వేరే సంఖ్యలేమో అనే అనుమానం పుట్టిస్తుంది. అదే లెక్కని ఇట్లా రాయొచ్చు: "ఒక సంఖ్య ఉంది. దాన్ని మూడు రెట్లు చేస్తే, మొదట ఉన్నదానికన్నా 14 ఎక్కువ అవుతుంది. ఆ సంఖ్య ఎంత?" మొదటి వాక్యం x. రెండో వాక్యం 3x = x + 14. మూడోది ప్రశ్న. జవాబు 7. మాటలు తగ్గలేదు, కానీ ఒక్కో వాక్యం ఒక్కో పని చేసింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. "కఠినమైన సంస్కృత మాటలన్నీ తీసేస్తే సరిపోతుంది" అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చరరాశి, స్థిరరాశి, సమీకరణం అన్నవి మంచి మాటలు. చరం అంటే కదిలేది, స్థిరం అంటే కదలనిది, సమీకరణం అంటే సమానం చెయ్యడం. ఒక్కసారి విప్పి చెప్తే మాటే అర్థాన్ని గుర్తు చేస్తుంది. బీజగణితం అన్న పేరు కూడా అంతే. విత్తులో చెట్టు కనిపించకుండా ఉన్నట్టు, అక్షరంలో సంఖ్య కనిపించకుండా ఉంటుంది. పేర్లు బాగానే ఉన్నాయి. పేర్ల చుట్టూ ఉన్న వాక్యమే బాగు చెయ్యాల్సింది.

ఇంటి తెలుగులో కూడా లోపాలు ఉన్నాయి. అది దాచకూడదు. మనకి బాగా తెలిసిన అగ్గిపెట్టెనే తీసుకుందాం. 2021 డిసెంబరు 1న అగ్గిపెట్టె ధర 1 రూపాయి నుండి 2 రూపాయలు అయింది. 2007 తరువాత 14 ఏళ్ళకి పెరిగిన ధర అది. ఆ నిర్ణయం శివకాశిలో తయారీదారుల సంఘాల సమావేశంలో జరిగింది. ఈ పెరుగుదలని మన జనం ఎన్ని రకాలుగా చెప్తారో చూడండి. "ధర రెట్టింపు అయింది." "ధర రెండు రెట్లు అయింది." "నూటికి నూరు పెరిగింది." మూడూ సరే. కానీ "ధర రెండు రెట్లు పెరిగింది" అని కూడా అంటారు. "అయింది" అంటే 2 రూపాయలు. "పెరిగింది" అంటే ఉన్న రూపాయి మీద ఇంకో రెండు రూపాయలు చేరి 3 అవ్వాలి కదా? మాట్లాడేటప్పుడు ఎవరూ తికమక పడరు, ఎందుకంటే అంగడిలో పెట్టె ధర అందరికీ తెలుసు. లెక్కలో మాత్రం ఆ పెట్టె కళ్ళ ముందు ఉండదు. "ఆరు రెట్లు ఎక్కువ" అని రాసి 6x అనుకోమంటే అది రాసినవాళ్ళ తప్పు. "ఆరు రెట్లు" అని ఆపాలి, లేదా "ఇన్ని ఎక్కువ" అని సంఖ్య చెప్పాలి. రెండూ కలపకూడదు.

మాటల్ని అక్షరాలుగా మార్చడం తెలుగు మీడియం పిల్లలకే కష్టం అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1980 ప్రాంతంలో అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన తోటివాళ్ళు ఇంజనీరింగ్ మొదటి ఏడు విద్యార్థులకి ఒక చిన్న ప్రశ్న ఇచ్చారు. ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లకి ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారు. విద్యార్థుల సంఖ్యకి ఎస్, ప్రొఫెసర్ల సంఖ్యకి పి పెట్టి సమీకరణం రాయండి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. తప్పు రాసినవాళ్ళలో ఎక్కువమంది 6ని విద్యార్థుల పక్కన పెట్టి "6 ఎస్ = పి" అన్నారు. వాళ్ళు ఇంగ్లీషులో చదివే దేశంలో, ఇంగ్లీషులోనే ఇచ్చిన ప్రశ్న అది. కాబట్టి మీడియం మార్చేస్తే ఈ కష్టం పోతుందని అనుకోవడానికి లేదు.

ఆ తప్పు ఎందుకు వస్తుందో మన ఊరి మాటల్లో చెప్తాను. అగ్గిపెట్టెల వ్యాపారంలో ఒక బండిల్ అంటే 600 పెట్టెలు. బండిళ్ళు బ, పెట్టెలు పె అనుకుందాం. చాలామంది చెయ్యి తనంతట తానే 600 పె = బ అని రాస్తుంది, ఎందుకంటే నోటితో "ఆర్నూరు పెట్టెలు ఒక బండిల్" అంటాం. నోటి మాటలో "పెట్టె" వస్తువు. బీజగణితంలో "పె" వస్తువు కాదు, పెట్టెల లెక్క. 2 బండిళ్ళు అంటే 1200 పెట్టెలు. పెద్ద సంఖ్య పెట్టెలది. కాబట్టి చిన్న సంఖ్యని 600తో గుణిస్తేనే పెద్దది వస్తుంది: పె = 600 × బ. అగ్గిపెట్టెల పని తెలిసిన ఏ అమ్మని అడిగినా "పెట్టెలే గదా ఎక్కువ ఉండేది" అంటుంది. ఆ ఒక్క మాటతోనే సమీకరణం సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది. ఒక చిన్న సంఖ్య పెట్టి చూడడం అంటే అదే.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మనం రాసే గుర్తులు ఎప్పటినుండో ఉన్నవి కావు. సుమారు 820లో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం నుండే ఆల్జీబ్రా అన్న పేరు వచ్చింది. అందులో గుర్తులే లేవు, అన్నీ మాటలే. సమానం గుర్తుని రాబర్ట్ రికార్డ్ 1557లో వాడాడు. తెలియని సంఖ్యలకి ఎక్స్, వై, జెడ్ వాడడం డెకార్ట్ 1637లో వేసిన పుస్తకంతో బలపడింది. మన దేశంలో అంతకన్నా ముందే ఒక పద్ధతి ఉంది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో తెలియని రాశుల్ని రంగుల పేర్లతో పిలిచాడు. తరువాత భాస్కరాచార్యుడి బీజగణితంలో మొదటి తెలియని రాశి పేరు యావత్తావత్. అంటే "ఎంత ఉందో అంత". దాన్ని పొట్టిగా యా అని రాసేవాళ్ళు. రెండోది కాలకం, అంటే నలుపు, కా. మూడోది నీలకం, నీ. తెలిసిన సంఖ్యకి రూపం, రూ. "యా 3 రూ 5" అంటే మన 3x + 5.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, అక్షరం ఆకాశం నుండి ఊడిపడలేదు. పూర్తి మాట మొదట ఉంది, దాని మొదటి అక్షరం మాత్రం మిగిలింది. "ఎంత ఉందో అంత" అన్న మాట మన అవ్వలు కూడా అంటారు. xని చూసి భయపడే పిల్లలకి "అది ఎంతో మనకి తెలియదు, ఎంత ఉందో అంత అనుకో" అంటే సగం భయం పోతుంది. "ఆ సంఖ్య x అనుకొనుము" అన్న వాక్యం చేసే పని కూడా ఇదే. కానీ ఎందుకు అనుకోవాలో ఆ వాక్యం చెప్పదు.

తెలుగులో లెక్కలు రావు అనేవాళ్ళకి పావులూరి మల్లన పేరు కూడా చెప్పాలి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. అయితే దానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సారసంగ్రహ గణితం అని దాని పేరు, పావులూరి గణితం అని కూడా అంటారు. తెలుగులో కావ్యాలు మొదలైన తొలి రోజుల్లోనే లెక్కల పుస్తకం కూడా వచ్చిందన్న మాట.

పాతది కాబట్టి అంతా బాగుందని నేను అనను. లీలావతిలో తుమ్మెదల లెక్క ఒకటి ఉంది. దాన్ని నా మాటల్లో చెప్తాను. తుమ్మెదల గుంపులో ఐదో వంతు ఒక పూల చెట్టు మీద వాలింది. మూడో వంతు ఇంకో పూల మీద వాలింది. ఈ రెండింటి తేడాకి మూడు రెట్లు మూడో చెట్టుకి పోయాయి. ఒక్క తుమ్మెద గాలిలో తిరుగుతూ మిగిలింది. మొత్తం ఎన్ని? ఒక్కో సంగతి ఒక్కో పదం అవుతుంది: x/5, x/3, 3(x/3 – x/5), 1. అన్నీ కలిపితే x. జవాబు 15. లెక్క వేసి చూడండి, 3, 5, 6, 1. ఇది మంచి లెక్క, ఎందుకంటే కథ నడిచిన వరుసే సమీకరణం వరుస. మన పుస్తకాలు నేర్చుకోవాల్సింది తుమ్మెదల్ని కాదు, ఆ వరుసని. కానీ ఆ కాలం పద్యాల్లో ఛందస్సు కోసం 1కి చంద్రుడు, 2కి కళ్ళు, 3కి అగ్ని, 4కి వేదాలు అని సంఖ్యలకి పేర్లు పెట్టేవాళ్ళు. గురువు దగ్గర కూర్చున్నవాడికి అది ఆట. ఒంటరిగా చదివేవాడికి అది ఇంకో గోడ. "అధికమగునో" లాంటి మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు.

మన పక్కనే, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరి కి. రాజనారాయణన్ తెలుగు ఇంట్లో పుట్టి తమిళంలో రాశాడు. నల్లరేగడి సీమ మాటలతో ఒక నిఘంటువు కూడా కూర్చాడు. ఊరి మాటకి పుస్తకంలో చోటు ఉందని చూపించినవాడు ఆయన. మన లెక్క మాటలకి అట్లాంటి చిన్న పట్టిక ఒకటి మన బడి గోడ మీదే మొదలుపెట్టొచ్చు. పుస్తకంలో పావు, మా అవ్వ నోట "కాలు కేజీ". పుస్తకంలో ముప్పావు, అంగడిలో "ముక్కాలు". కాలు అంటే నడిచే కాలు మాత్రమే కాదని, తమిళం నుండి వచ్చిన నాలుగో వంతు కూడా అని ఆరో తరగతి పిల్లలకి ఆ పట్టిక చెప్తుంది. జత, డజను, గ్రోసు, బండిల్ పక్కన 2, 12, 144, 600 రాస్తే చాలు.

ఇంకో రెండు పనులు ఖర్చు లేకుండా చెయ్యొచ్చు. విభక్తుల పాఠం చెప్పే రోజు తెలుగు టీచరు, లెక్కల సారు ఒకే పీరియడ్ పంచుకోవాలి. బోర్డుకి ఒక పక్క వాక్యం, ఇంకో పక్క సమీకరణం. ఇక ఇంట్లో పెద్దవాళ్ళు లెక్కల పుస్తకం తెలియదని పక్కకి తప్పుకోకూడదు. తమ పని నుండి ఒక లెక్క మాటల్లో చెప్పి, పిల్లలు దాన్ని x పెట్టి రాసేదాకా కూర్చోవాలి. మీడియం మార్చాలా వద్దా అన్నది ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.

అట్లాంటి లెక్క ఒకటి ఇక్కడే ఇస్తున్నాను. ఒక యూనిట్‌లో నిన్న కొన్ని బండిళ్ళు కట్టారు. ఈ రోజు దానికి రెండు రెట్లు కట్టారు. రెండు రోజులకీ కలిపి 5400 పెట్టెలు అయ్యాయి. నిన్న ఎన్ని బండిళ్ళు? జవాబు నోటితో కూడా వస్తుంది, దానికి తొందర లేదు. దీన్ని మీ ఇంటి తెలుగులో మళ్ళీ రాసి, ఒక్కో వాక్యం కింద దాని సమీకరణం ముక్క రాసి తీసుకురండి. మీ వాక్యం నా వాక్యంకన్నా సులభంగా ఉంటే దాన్నే బోర్డు మీద రాద్దాం.